విమానసంస్థల అప్పులును ప్రజాధనమును

ప్రయాణికులు తగ్గినప్పుడెల్ల విమానసంస్థలు ప్రభుత్వద్వారమున నిలుచుట పరిపాటియైనది. కదిరివంటి మెట్టసీమలో నీ ప్రసంగమేల యని కొందఱడుగవచ్చును. ఇచ్చట ఆకాశమున విమానమును జూచినవారేగాని యెక్కినవారు కొలదిమంది. అయినను, ఆ సంస్థల నష్టమును బూడ్చు ధనము విమానమెక్కినవారొక్కరే యిచ్చునది కాదు. సంతలో సబ్బుబిళ్ళ కొన్న కూలివాడును అందుకు తన వంతు పన్ను చెల్లించుచున్నాడు. కావున ఈ విషయమున మాట్లాడుటకు ఢిల్లీకెంత హక్కు గలదో కదిరికిని అంతే గలదు.

2020 మార్చి 25వ తేదీ మొదలు రెండు మాసములు దేశమున ప్రయాణికుల విమానములు నిలిచిపోయినవి. అది విమానసంస్థల తప్పు గాదు. వానలు మొగము చాటువేసిన యేట వేరుసెనగ విత్తిన రైతును దుబారాకాడని నిందింపము గదా! కాని కరవు వచ్చి చెడినవాడు వేఱు, కరవునకు ముందే తలకు మించిన యప్పు చేసి కూర్చున్నవాడు వేఱు. ఈ భేదము మా రైతులకు ఒకరు చెప్పవలసినది కాదు. కింగ్‌ఫిషర్ సంస్థ 2012లోను, జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిలులోను మూతపడినవి. అప్పటికి మహమ్మారి పేరైన ఎవ్వరును వినలేదు. బెజవాడనుండి 2013లో బయలుదేఱిన మన ఎయిర్ కోస్టాయు నాలుగేండ్లు నిండకమునుపే రెక్కలు ముడిచినది. ఇట్టివాటి పతనమును రోగముమీదికి నెట్టుటకు వీలులేదు.

ఇక ఎయిర్ ఇండియా కథ. 1953లో ప్రభుత్వము విమానసంస్థలను జాతీయము చేసినప్పుడు హైదరాబాదు దక్కన్ ఎయిర్‌వేసుతోగూడ ఎనిమిది సంస్థలు ఇండియన్ ఎయిర్‌లైన్సులో గలిసినవి. ఆ ఇండియన్ ఎయిర్‌లైన్సును 2007లో ఎయిర్ ఇండియాలో గలిపిరి. 2012లో సుమారు ముప్పదివేల కోట్ల రూపాయలు పలు సంవత్సరములలో నిచ్చి దానిని నిలువబెట్టుటకు ప్రభుత్వము సంకల్పించినది. ఫలితమేమి? 2021 ఆగస్టు చివరకు అప్పు 61,562 కోట్లు. టాటావారు కొనునప్పుడు అందులో 15,300 కోట్లు తాము వహించి, 2,700 కోట్లు రొక్కముగా నిచ్చిరి. మిగిలిన 46,262 కోట్ల భారము ప్రభుత్వసంస్థ నెత్తిన బడినది. కొన్ని భూములును భవనములును ప్రభుత్వమునకు దక్కిన మాట నిజమే. కాని అవి ఆ యప్పునకు చాలవు.

ఆ సంస్థవలన మేలు జరుగలేదని మేమనము. 2020 మేలో గల్ఫుదేశములందు చిక్కుకొన్నవారిని వందే భారత్ పేరిట తెచ్చినవి దాని విమానములే. కదిరి, రాయచోటి ప్రాంతములనుండి కువైటునకు బ్రతుకుదెరువునకై పోయినవారి కుటుంబములు ఆ దినములను మఱువలేవు. అయినను ఆ ప్రయాణమునకు టికెట్టు డబ్బు ఆ కూలివారే చెల్లించుకొనిరి!

అన్యదేశములు ఏమి చేసినవో కొంత చూడదగును. జర్మనీ ప్రభుత్వము 2020లో లుఫ్తాన్సాకు 900 కోట్ల యూరోల సహాయము ప్రకటించి, ఊరక యీయక అందు ఇరువదిశాతము వాటా పుచ్చుకొన్నది. 2022 సెప్టెంబరునాటికి ఆ వాటా నమ్మి లాభముతో బయటపడినది. అమెరికా తన విమానసంస్థలకు మొదట 2,500 కోట్ల డాలర్లను జీతములకై యిచ్చి, ఆ సెప్టెంబరు తుదివఱకు ఉద్యోగులను దీయరాదనియు, మఱుసటి యేడు సెప్టెంబరు తుదివఱకు వాటాదార్లకు లాభములు పంచరాదనియు కట్టడి చేసినది. గడువు దీఱగనే రెండు పెద్ద సంస్థలు ముప్పదివేలమందికి పైగా నింటికి బంపినవి. కట్టడి ఉన్నంతకాలమే దయ యని దీనివలన దెలియుచున్నది. మనదేశమున ప్రభుత్వపు పూచీమీద బ్యాంకుల యప్పు లభించినది. దాని పరిమితి ఒక్కొక్క సంస్థకు 400 కోట్లనుండి 2022 అక్టోబరున 1,500 కోట్లకు బెరిగినది. అప్పులో మునిగినవానికి ఇంకొక అప్పు! మందు అదేనా యని మా సందేహము.

అన్నిటికంటె దగ్గఱి పాఠము మన పొరుగుననే యున్నది. 2017 ఏప్రిల్ 27వ తేదీన ఉడాన్ పథకము క్రింద హైదరాబాదు-కడప విమానము మొదలైనది. నడపినది హైదరాబాదునకు జెందిన ట్రూజెట్. ఈ పథకమున సహాయము సంస్థకు గాక మార్గమునకు ముట్టును. ఒక గంట ప్రయాణపు సీట్లలో కొన్నిటికి మొదట 2,500 రూపాయల హద్దు పెట్టి, తక్కువబడినది కొన్నేండ్లపాటు ప్రత్యేకనిధినుండి పూరింతురు. 2022 ఫిబ్రవరినాటికి ట్రూజెట్ విమానములు నిలిచిపోయినవి. కడప మార్గము మాత్రము చావలేదు. 2022 మార్చి చివర ఇండిగో సంస్థ రాష్ట్రప్రభుత్వపు సహాయముతో కడపనుండి విమానములు నడుప నారంభించినది. సంస్థ పోయినను సౌకర్యము నిలిచినది. నష్టము వచ్చు పల్లెదారినిగూడ విడువని ఆర్టీసీ బస్సునకు ప్రజాధనమిచ్చుటలో న్యాయమెట్టిదో, దీనియందును అట్టిదే.

మా యభిప్రాయము ఇది. ప్రయాణములు తగ్గిన కాలమున ప్రభుత్వము మార్గమును రక్షింపవలెను, పనివాని జీతమును రక్షింపవలెను, ముందుగా డబ్బు చెల్లించిన ప్రయాణికుని రక్షింపవలెను. యజమాని వాటాను గాదు, పూర్వపు ఋణదాతను గాదు. 2020లో రద్దైన టికెట్ల సొమ్మును పలు సంస్థలు వెంటనే తిరిగి యీయక ఖాతాలో నిలుపుకొన్నవి. విషయము సుప్రీంకోర్టువఱకు బోయి, అక్టోబరు 1వ తేదీన తీర్పు రావలసివచ్చెను. కష్టముననున్న సంస్థలు ఆ సొమ్మును 2021 మార్చి తుదివఱకు జమగా నుంచుకొనుటకు అప్పుడు అనుమతి లభించినది. అనగా ప్రయాణికుడు తెలియకయే విమానసంస్థకు వడ్డీలేని యప్పిచ్చినవాడయ్యెను. దివాలా దీసిన సంస్థయొద్ద ఇట్టి ప్రయాణికుడు బ్యాంకుల వెనుక వరుసలో నిలువవలసినదే. జెట్ సంస్థను అమ్మివేసి అప్పులు దీర్పుడని సుప్రీంకోర్టు 2024 నవంబరున ఉత్తరువిచ్చునప్పటికి అది మూతపడి అయిదేండ్లు దాటినది. జీతములకై ఎదురుచూచిన ఉద్యోగుల గతి యేమని యోచింపుడు.

కనుక ఇకమీదట నే సంస్థయైనను సహాయమడిగినచో, కరవునకు ముందటి లెక్కలు మొదట బయట బెట్టవలెను. అప్పులిచ్చినవారు తమ బాకీలో కొంత వదలుకొనవలెను. ఇచ్చిన ప్రతి రూపాయకు ఈడైన వాటా ప్రభుత్వము వ్రాయించుకొనవలెను. ఇందు కొత్త యేమియు లేదు. పంటపోయిన కదిరి రైతు బ్యాంకు గడప ద్రొక్కినప్పుడు పట్టాపుస్తకము చూపుమని అడుగుచునే యున్నారు.