ఐ లవ్ లూసీ: జీతం తగ్గించుకుని ఫిల్మ్ రీళ్లు అడిగారు.. టీవీ లెక్కే మారిపోయింది!

ఫోన్ తీస్తే చాలు.. ఎప్పటిదో పాత కామెడీ సీరియల్ క్లిప్ ఒకటి ఫీడ్‌లోకి వచ్చేస్తుంది. చూస్తాం, నవ్వుకుంటాం, ఫ్యామిలీ గ్రూప్‌లో పడేస్తాం. మన 'అమృతం' ఎపిసోడ్లు యూట్యూబ్‌లో ఎన్నిసార్లు చూశారో మీకే లెక్క ఉండదు. కానీ టీవీ కొత్తగా వచ్చిన రోజుల్లో ఈ సౌకర్యం దాదాపు లేదు. ప్రోగ్రామ్ వచ్చిందా, చూశామా, అయిపోయిందా.. అంతే. మిస్సయితే మిస్సయినట్టే.

ఆ పద్ధతి మారడంలో పెద్ద పాత్ర ఓ అమెరికన్ సిట్‌కామ్‌ది. పేరు 'ఐ లవ్ లూసీ'. దాని వెనకున్నది ఓ భార్యాభర్తల జంట. తమ కాపురాన్ని కాపాడుకోవాలని మొదలుపెట్టిన ఆ షో టీవీ బిజినెస్‌నే మార్చేసింది. ఆ కథేంటో, అందులోని ఇంట్రెస్టింగ్ సంగతులేంటో చూద్దాం.

అసలేంటీ షో?

1951 అక్టోబర్ 15న సీబీఎస్ ఛానల్‌లో మొదలైంది. 1957 మే వరకు 6 సీజన్లు, 180 ఎపిసోడ్లు నడిచింది. ఆ ఆరింటిలో నాలుగు సీజన్లు అమెరికాలో నంబర్ వన్ షో ఇదే.

కథ చాలా సింపుల్. న్యూయార్క్‌లో ఓ అపార్ట్‌మెంట్. భర్త రికీ రికార్డో క్లబ్‌లో బ్యాండ్ నడుపుతాడు. భార్య లూసీకి ఎలాగైనా స్టేజీ ఎక్కి స్టార్ అయిపోవాలని ఆశ. ఆయన వద్దంటాడు, ఈమె ఏదో ఒక ప్లాన్ వేస్తుంది, అది అడ్డం తిరుగుతుంది. ఇంటి ఓనర్లు ఫ్రెడ్, ఎథెల్ కూడా అందులో ఇరుక్కుంటారు. లూసీగా లూసిల్ బాల్, రికీగా ఆమె నిజ జీవితపు భర్త డెజీ అర్నాజ్ నటించారు.

భర్తని వద్దన్నారు.. ఆమె పట్టు పట్టింది

లూసిల్ బాల్ అప్పటికే సీబీఎస్ రేడియోలో 'మై ఫేవరెట్ హజ్బెండ్' అనే కామెడీ షో చేస్తోంది. దాన్ని టీవీకి తీసుకురావాలని ఛానల్ వాళ్లు అడిగారు. ఆమె సరే అంది, కానీ ఒక్క షరతు. భర్త పాత్రకి తన భర్తే కావాలి!

ఛానల్ పెద్దలు వెనక్కి తగ్గారు. డెజీ క్యూబా నుంచి వచ్చినవాడు. అక్కడ వాళ్ల నాన్న శాంటియాగో నగరానికి మేయర్. 1933లో విప్లవం రావడంతో కుటుంబం అన్నీ వదిలేసి అమెరికా చేరింది. అతని ఇంగ్లిష్‌లో క్యూబన్ యాస గట్టిగా వినిపించేది. అచ్చమైన అమెరికన్ అమ్మాయికి ఇలాంటి మొగుడంటే జనం ఒప్పుకోరని వాళ్ల భయం.

లూసిల్ పట్టుదలకి కారణం వేరే ఉంది. 1940లో పెళ్లయింది కానీ డెజీ బ్యాండ్‌తో ఎప్పుడూ ఊళ్లు తిరుగుతుండేవాడు. ఈమె హాలీవుడ్‌లో షూటింగుల్లో. కలిసుండేది తక్కువ, గొడవలు ఎక్కువ. ఒకే షోలో పనిచేస్తే ఒకే ఊళ్లో ఉండొచ్చు కదా అన్నది ఆమె ఆలోచన.

దాంతో ఇద్దరూ 1950లో 'డెజీలు' అని సొంత కంపెనీ పెట్టారు. డెజీ పేరుకి లూసిల్‌లోని మొదటి అక్షరం కలిపితే ఆ పేరు! ఊరూరా తిరిగి జనం ముందు జంటగా కామెడీ షోలు చేశారు. జనం పగలబడి నవ్వారు. ఇక ఛానల్‌కి కాదనడానికి కారణం దొరకలేదు.

వెయ్యి డాలర్ల కోత.. అసలు ట్విస్ట్ ఇక్కడే

అప్పట్లో పెద్ద షోలన్నీ ఎక్కువగా న్యూయార్క్ నుంచి లైవ్‌లో వచ్చేవి. దూరంగా ఉన్న స్టేషన్ల కోసం టీవీ తెర ముందు కెమెరా పెట్టి, ఆ బొమ్మనే ఫిల్మ్ మీదికి ఎక్కించేవారు. సినిమా హాల్లో ఫోన్‌తో తీసిన వీడియో ఎలా ఉంటుందో తెలుసుగా? దాదాపు అలాగే, మసకమసకగా ఉండేది.

షోకి స్పాన్సర్ ఫిలిప్ మోరిస్ సిగరెట్ కంపెనీ. లైవ్ షో న్యూయార్క్ నుంచే చేయాలని వాళ్లు అడిగారు. ఎందుకంటే టీవీలున్న ఇళ్లు తూర్పు వైపే ఎక్కువ. లూసిల్, డెజీలకి మాత్రం హాలీవుడ్ వదిలి వెళ్లడం ఇష్టం లేదు. మధ్యేమార్గంగా, సినిమాలాగే 35 ఎంఎం ఫిల్మ్ మీద తీస్తామన్నారు. అలా తీస్తే దేశమంతా ఒకే క్వాలిటీ బొమ్మ వెళ్తుంది.

కానీ ఫిల్మ్ అంటే ఖర్చు. ఆ ఖర్చు సర్దడానికి ఇద్దరూ వారానికి వెయ్యి డాలర్లు జీతం తగ్గించుకోవడానికి ఒప్పుకున్నారు. బదులుగా ఒకటే అడిగారు. తీసిన ఎపిసోడ్ల మీద హక్కులు మాకే ఉండాలి!

సీబీఎస్ ఒప్పేసుకుంది. ఒకసారి టెలికాస్ట్ అయిపోయిన ప్రోగ్రామ్‌ని మళ్లీ ఎవరు చూస్తారు అన్నది అప్పటి లెక్క. ఆ లెక్క ఎంత తప్పో తర్వాత తెలిసింది.

మూడు కెమెరాలు.. 'మూడు తలల రాక్షసి'

ఫిల్మ్ మీద తీయాలి, ఎదురుగా జనం కూడా ఉండాలి. లైవ్ ఆడియన్స్ ఉంటేనే లూసిల్ కామెడీ పండేది. సినిమాలాగా ఒక్కో షాట్‌కి ఆగి లైట్లు మారుస్తూ కూర్చుంటే జనం నవ్వు ఆవిరైపోతుంది.

అందుకే మూడు ఫిల్మ్ కెమెరాలు ఒకేసారి తిప్పారు. ఒకటి సెట్ మొత్తాన్ని, మిగతా రెండు దగ్గరి షాట్లని తీసేవి. ఎదురుగా దాదాపు 300 మంది ప్రేక్షకులు కూర్చునేవారు. నాటకంలాగా సీన్లన్నీ వరుసగా చేసుకుంటూ వెళ్లడమే. మూడు కెమెరాల ఆలోచనని అంతకుముందు కూడా కొందరు ట్రై చేశారు. అయితే దాన్ని సిట్‌కామ్‌లకి పక్కా ఫార్ములాగా నిలబెట్టింది మాత్రం ఈ షోనే. 'ఫ్రెండ్స్', 'ది బిగ్ బ్యాంగ్ థియరీ' ఇదే దారిలో వచ్చినవి.

దీనికి కెమెరామన్ ఎవరో తెలుసా? కార్ల్ ఫ్రోయిండ్. 'మెట్రోపోలిస్', 'డ్రాకులా' లాంటి క్లాసిక్స్‌కి పనిచేసిన వ్యక్తి. 'ది గుడ్ ఎర్త్' సినిమాకి ఆస్కార్ కూడా కొట్టాడు. మూడు కెమెరాలకీ ఒకేలా సరిపోయేలా పైనుంచి వెలుగు పరచడం ఆయన చేసిన ట్రిక్. ఇక మూడు రీళ్లనీ పక్కపక్కన చూస్తూ ఎడిట్ చేయడానికి ఓ స్పెషల్ మెషీన్ తయారుచేయించారు. యూనిట్ వాళ్లు దానికి పెట్టిన ముద్దుపేరు 'మూడు తలల రాక్షసి'!

'గర్భవతి' అనే మాట అనొద్దు

రెండో సీజన్‌కి ముందు లూసిల్ గర్భవతి అని తేలింది. ఛానల్, స్పాన్సర్, యాడ్ ఏజెన్సీ అందరికీ టెన్షన్. కడుపుతో ఉన్న ఆడమనిషిని టీవీలో చూపించడమా? కుర్చీల వెనక దాచేయండి అన్నారు. డెజీ ఒప్పుకోలేదు. నేరుగా ఫిలిప్ మోరిస్ ఛైర్మన్‌కే లెటర్ రాశాడు. దేశంలో నంబర్ వన్ షో మీకిచ్చాం, కథ మా చేతికి వదిలేయకపోతే ఇకపై బాధ్యత మాది కాదు అన్నది దాని సారాంశం. ఆ తర్వాత అడ్డంకులు తొలగిపోయాయి.

అయినా కండిషన్లు తప్పలేదు. 'ప్రెగ్నెంట్' అనే మాట ఎవరి నోటా రాకూడదు. ఎపిసోడ్ టైటిల్‌కి కూడా అదే అర్థమున్న ఫ్రెంచ్ మాట వాడారు. స్క్రిప్టుల్ని ఓ క్యాథలిక్ ఫాదర్, ఓ ప్రొటెస్టెంట్ పాస్టర్, ఓ యూదు రబ్బీ ముందే చదివి ఓకే చెప్పాలి!

1953 జనవరి 19. లూసీకి కొడుకు పుట్టే ఎపిసోడ్ టెలికాస్ట్ అయింది. అదే రోజు నిజంగానే ఆపరేషన్‌తో లూసిల్‌కి కొడుకు పుట్టాడు. ఆ రాత్రి దాదాపు 4 కోట్ల 40 లక్షల మంది ఆ ఎపిసోడ్ చూశారు. మర్నాడు ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్ ప్రమాణ స్వీకారాన్ని చూసింది 2 కోట్ల 90 లక్షల మందే. 1953 ఏప్రిల్‌లో దేశవ్యాప్తంగా మొదలైన 'టీవీ గైడ్' పత్రిక మొదటి కవర్ మీద బొమ్మ కూడా ఆ బుడ్డోడిదే.

పాత ఎపిసోడ్లు వేస్తే.. జనం మళ్లీ చూశారు!

ఇక్కడే కథ మలుపు తిరిగింది. కాన్పు తర్వాత లూసిల్‌కి రెస్ట్ కావాలి. కొత్త ఎపిసోడ్లు సరిపోవు. ఏం చేయాలి? చేతిలో నీట్‌గా తీసిన ఫిల్మ్ ఉంది కదా. పాత ఎపిసోడ్లకి ముందు చిన్న కొత్త సీన్ అతికించి మళ్లీ వేశారు. జనం హాయిగా చూసేశారు!

రీరన్‌కి ఉన్న విలువ అప్పుడు అందరికీ అర్థమైంది. చూసిందే మళ్లీ చూస్తారు, దానికి యాడ్స్ కూడా వస్తాయి. కొన్నేళ్ల తర్వాత ఆ పాత ఎపిసోడ్ల హక్కుల్ని అదే సీబీఎస్ మిలియన్ల డాలర్లు పోసి కొనుక్కోవాల్సి వచ్చింది. ఉచితంగా వదిలేసుకున్నదానికి ఎంత రేటు పెట్టిందో చూడండి.

డెజీలు కంపెనీ 1957 చివర్లో ఏకంగా ఆర్‌కేవో స్టూడియోల్నే కొనేసింది. ఒకప్పుడు లూసిల్ జీతానికి పనిచేసిన స్టూడియో అది. 1940లో ఇద్దరూ కలిసింది కూడా ఆ సంస్థ సినిమా దగ్గరే.

'రెడ్' అన్న మచ్చ

ఈ ప్రయాణంలో అన్నీ పోగొట్టుకునే పరిస్థితి కూడా ఒకటొచ్చింది. 1930ల్లో తాతయ్య మాట కాదనలేక లూసిల్ కమ్యూనిస్టు పార్టీ ఓటరుగా పేరు నమోదు చేయించుకుంది. 1953 సెప్టెంబర్‌లో అది బయటపడింది. అప్పట్లో అమెరికాలో ఆ ముద్ర పడితే కెరీర్ ఖతం. ఎంతోమంది నటులకి, రైటర్లకి పని దొరక్కుండా పోయింది.

విచారణ కమిటీ ఆమె తప్పేం లేదని తేల్చింది. కానీ జనం ఏమంటారు? ఆ వారం షూటింగ్‌కి ముందు డెజీనే ప్రేక్షకుల ఎదుటికి వచ్చాడు. లూసీలో ఎరుపు ఉంటే అది జుట్టులోనే, అది కూడా ఒరిజినల్ కాదు అంటూ జోక్ వేసి భార్యని పిలిచాడు. హాలంతా చప్పట్లు. షో నిలబడింది.

ఈ చిన్న చిన్న సంగతులు కూడా..

* లూసిల్ ఎర్ర జుట్టుకి అంత పేరు, కానీ షో మొత్తం బ్లాక్ అండ్ వైట్! రంగులద్దిన ఎపిసోడ్లు చాలా ఏళ్ల తర్వాత వచ్చాయి.

* షోలో లూసీ ఇంటి అడ్రస్ 623, ఈస్ట్ 68వ వీధి. నిజంగా ఆ నంబర్ వెతుక్కుంటూ వెళ్తే నదిలో దిగాల్సిందే. అక్కడ ఇళ్లు లేవు.

* గుండె బొమ్మతో వచ్చే ఫేమస్ టైటిల్ కార్డు మొదట్లో లేదు. మొదటి టైటిల్స్‌లో లూసీ, రికీ కార్టూన్ బొమ్మలు, పక్కన సిగరెట్ పెట్టె ఉండేవి. రీరన్ల కోసం సిగరెట్ పెట్టె తీసేసి గుండె పెట్టారు.

* ఎథెల్‌గా చేసిన వివియన్ వాన్స్ కన్నా ఆమె భర్తగా చేసిన విలియం ఫ్రాలీ 22 ఏళ్లు పెద్ద. ఇద్దరికీ బయట అస్సలు పడేది కాదు.

* చాక్లెట్ ఫ్యాక్టరీలో బెల్టు మీద చాక్లెట్లు వేగంగా వచ్చేస్తుంటే లూసీ, ఎథెల్ నోట్లో కుక్కేసుకునే సీన్ 1952 నాటిది. రీల్స్‌లో ఇప్పటికీ తిరుగుతుంటుంది.

* లిటిల్ రికీ పాత్ర చేసింది లూసిల్ కొడుకే అని చాలామంది అనుకుంటారు. కాదు. ఎక్కువ ఎపిసోడ్లలో చేసింది కీత్ థిబోడో అనే మరో బాలనటుడు.

* ఫిల్మ్ దాచుకుని చరిత్ర సృష్టించిన ఈ షో మొదటి పైలట్ ఎపిసోడే చాలా ఏళ్లు కనపడలేదు. అందులో నటించిన పెపిటో అనే క్లౌన్ ఇంట్లో ఉన్న కాపీ బయటికొచ్చాక 1990లో టీవీలో వేశారు.

టామ్ క్రూజ్ సినిమాకీ లింకుంది!

దేని కోసం ఈ షో మొదలైందో అది మాత్రం నిలబడలేదు. తెరమీద జంట దేశానికి ముద్దొచ్చింది, ఇంట్లో మాత్రం గొడవలు తగ్గలేదు. 1960లో విడాకులు తీసుకున్నారు. 1962లో డెజీ వాటాని లూసిల్ కొనేసి కంపెనీ ప్రెసిడెంట్ కుర్చీలో కూర్చుంది. అంత పెద్ద స్టూడియోని ఓ ఆడమనిషి నడపడం హాలీవుడ్‌లో అప్పటికి పెద్ద వింత.

ఆమె హయాంలోనే 1966 సెప్టెంబర్‌లో డెజీలు నుంచి రెండు సిరీస్‌లు వచ్చాయి. ఒకటి 'స్టార్ ట్రెక్', రెండోది 'మిషన్ ఇంపాజిబుల్'. అవును, టామ్ క్రూజ్ సినిమాలకి మూలం ఆ సిరీసే! 1967లో ఆమె కంపెనీని అమ్మేసింది. అది పారామౌంట్‌లో కలిసిపోయింది.

విడిపోయినా ఇద్దరి మధ్యా స్నేహం మిగిలింది. 1986 డిసెంబర్‌లో డెజీ చనిపోయాడు. కొద్ది రోజులకే లూసిల్‌కి కెనెడీ సెంటర్ పురస్కారం. ఆ సభ కోసం డెజీ ముందే రాసిపెట్టిన మాటలు అక్కడ చదివారు. ఐ లవ్ లూసీ అన్నది తనకి ఎప్పుడూ ఉత్త టైటిల్ కాదని అందులో ఉంది. 1989లో లూసిల్ కూడా వెళ్లిపోయింది.

వీళ్ల కథ మీద 2021లో 'బీయింగ్ ది రికార్డోస్' అనే సినిమా వచ్చింది. నికోల్ కిడ్‌మన్, హవియెర్ బార్డెమ్ నటించారు. ప్రైమ్ వీడియోలో రిలీజైంది. సినిమాకి టైమ్ లేదంటే చాక్లెట్ ఫ్యాక్టరీ సీన్ ఒక్కటి చూడండి. డెబ్బై ఏళ్ల కిందటి ఫిల్మ్ ఇంత క్లియర్‌గా ఎలా ఉందన్న డౌట్ వస్తే, ఆన్సర్ మీకు ఇప్పుడు తెలుసు.. వారానికి వెయ్యి డాలర్లు!