‘డ్రాకోనియన్ టైమ్స్’: చీకటి పాటలకు ఇంత ఆకర్షణ ఎక్కడిది?

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ ప్రాంతంలో, ఒకప్పుడు ఉన్ని మిల్లులతో వెలిగిన హాలిఫాక్స్ పట్టణంలో 1988లో ఒక రాక్ బృందం పుట్టింది. జాన్ మిల్టన్ మహాకావ్యం పేరునే తన పేరుగా పెట్టుకున్న ఆ బృందం ‘ప్యారడైజ్ లాస్ట్’. 1995 జూన్‌లో వెలువడిన దాని ఐదో ఆల్బమ్ ‘డ్రాకోనియన్ టైమ్స్’. గోథిక్ మెటల్ శైలి ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఈ పేరు నేటికీ వినిపిస్తుంది. వైఫల్యం, నిరాశ, సన్నగిల్లిన విశ్వాసం నిండిన ఈ పాటలను శ్రోతలు పదేపదే ఎందుకు వింటున్నారు?

మొదటి పాటలోనే కొంత సమాధానం దొరుకుతుంది. ‘ఎన్‌చాంట్‌మెంట్’ పియానోతో నెమ్మదిగా మొదలవుతుంది. ఆ తర్వాత గిటార్లు, డ్రమ్ములు బరువుగా వచ్చి చేరతాయి. అయితే ఆ బరువు కింద మాధుర్యం నలిగిపోదు. గ్రెగర్ మ్యాకింటాష్ వాయించే ప్రధాన గిటార్, గాయకుడి పక్కన మరో గొంతులా నడుస్తుంది. మెటల్ సంగీతంలో గిటార్ సోలో సాధారణంగా వేగాన్ని, నైపుణ్యాన్ని చాటే ఘట్టం. ఇక్కడ అలా కాదు. ఒక చిన్న స్వరపంక్తిని తీసుకుని, తిప్పి తిప్పి వాయిస్తూ, తీగను లాగి స్వరాన్ని వంచి, కాసేపు నిలిపి వదులుతారు. ఒకటి రెండుసార్లు విన్నవారు దాన్ని కూనిరాగంగా తీయగలరు.

వీణపై గమకాలు విని పెరిగిన చెవికి ఈ తీగ వంపు మరీ పరాయిదనిపించదు. పాశ్చాత్య విషాద గీతాలకు తరచూ ఆధారమయ్యే సహజ మైనర్ స్కేలు స్వరస్థానాలు, కర్ణాటక సంగీతంలో 20వ మేళకర్త అయిన నఠభైరవి స్వరస్థానాలే. పోలిక అంతవరకే, రాగలక్షణం వేరు, సంచారం వేరు.

రెండో కారణం గొంతు. 1991లో ‘గోథిక్’ ఆల్బమ్ చేసిన నాటికి గాయకుడు నిక్ హోమ్స్‌ది గర్జనే. మాటలు పట్టుకోవడం కష్టం. తర్వాతి ఆల్బమ్‌లలో ఆయన క్రమంగా గానం వైపు జరిగారు. తొలినాటి అభిమానులు దూరమయ్యే ప్రమాదం ఉన్నా వెనక్కి తగ్గలేదు. ‘డ్రాకోనియన్ టైమ్స్’ నాటికి గరుకుదనం మిగిలింది, మాట స్పష్టమైంది. గర్జనలో వినిపించేది కోపమే. మాట తెలిసినప్పుడే దాని వెనుక ఒక మనిషి బాధ ఉందని శ్రోతకు అర్థమవుతుంది. కరుణమే మూలరసమన్న భవభూతికి ఈ హోరు నచ్చేదో లేదో గానీ, దాని లోపల ఉన్నదేమిటో మాత్రం తెలిసేది.

లోపాలు లేవని కాదు. ‘ఫరెవర్ ఫెయిల్యూర్’ పాటలో, హత్యల కేసులో జీవితఖైదు పడిన చార్లెస్ మాన్సన్ ఇంటర్వ్యూలోని మాటలను చేర్చారు. ఆ నేరస్థుడి గొంతు లేకున్నా పాటకు వచ్చే నష్టమేమీ లేదు. వెలితిని చెప్పడానికి అందులోని మంద్రమైన నడకే చాలు. మొత్తం 12 పాటలను ఒకేసారి వింటే చివరి భాగంలో కొంత ఏకరూపత కూడా తోస్తుంది.

ఈ విజయాన్ని బృందం మళ్లీ మళ్లీ అచ్చువేయలేదు. 1999 నాటి ‘హోస్ట్’లో ఎలక్ట్రానిక్ ధ్వనుల వైపు మళ్లింది. 2011లో మాత్రం ‘డ్రాకోనియన్ టైమ్స్’ను మొత్తంగా వేదికపై వాయించి, ఆ ప్రదర్శనను విడుదల చేసింది. 2015లో వచ్చిన ‘ది ప్లేగ్ వితిన్’లో హోమ్స్ మళ్లీ గర్జన అందుకున్నారు. మ్యాకింటాష్ గిటార్ మాత్రం ఆ గర్జన పక్కన కూడా పాడుతూనే ఉంది.