మార్కులు తగ్గాయి.. అప్లై చేయొచ్చా?

ఆగస్టు వస్తే శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ డిపార్చర్స్ గేటు ముందు రాత్రంతా ఒకటే సందడి. పుష్పక్ బస్సుల్లో, అద్దె కార్లలో దిగే కుటుంబాలు, రెండేసి పెద్ద సూట్‌కేసులు, మధ్యలో ఆవకాయ డబ్బా బరువు మీద వాదన. వెళ్లేవాళ్లంతా క్లాస్ టాపర్లేనా? కానే కాదు. బ్యాక్‌లాగ్స్ ఉన్నవాళ్లూ, 60 శాతం దాటనివాళ్లూ ఆ క్యూలో ఉంటారు. వర్సిటీ అడిగిన మార్కులకు మీవి కాస్త తక్కువా? అయితే ముందు తెలుసుకోవాల్సింది ఒక్కటే: ఆ గీత గోడా, గేటా?

మన దగ్గర చాలావరకు గోడే. తెలంగాణ ఎప్‌సెట్‌లో మంచి ర్యాంకు వచ్చినా, ఇంటర్ గ్రూప్ సబ్జెక్టుల్లో 45 శాతం (రిజర్వ్‌డ్ వర్గాలకు 40) లేకపోతే ఇంజినీరింగ్ సీటు రాదు. ఐసెట్‌తో ఎంబీఏ చేయాలంటే డిగ్రీలో 50 శాతం, రిజర్వ్‌డ్ వర్గాలకు 45. ఇక్కడ ఎవరికి ఉత్తరం రాసినా లాభం లేదు. ఇంటర్ మార్కులైతే ఇంప్రూవ్‌మెంట్ రాసి పెంచుకోవడమే దారి. ‘మేనేజ్‌మెంట్ కోటాలో చూసుకుందాం లే’ అనేవాళ్ల మాట నమ్మి అడ్వాన్సులు కట్టకండి. కనీస అర్హత ఆ కోటాకూ ఉంటుంది.

విదేశీ వర్సిటీల్లో కథ వేరు. అక్కడ ‘కనీసం’ అని రాసినవాటిలో కొన్ని నిజంగానే కనీసాలు, కొన్ని ‘ఉంటే మంచిది’ అనే రకం. అమెరికాలో చాలా గ్రాడ్యుయేట్ స్కూళ్లు 4కి 3.0 జీపీఏ అడుగుతాయి. డిపార్ట్‌మెంట్ సిఫార్సు చేస్తే అంతకంటే తక్కువున్నా తీసుకునేవి వాటిలో ఉన్నాయి. బ్రిటన్‌లో కొన్ని వర్సిటీలు ప్రీ-మాస్టర్స్ కోర్సు చేసి రమ్మంటాయి.

అసలు మీ మార్కులు ఎంతో మీకు సరిగ్గా తెలుసా? ఇది చిన్న ప్రశ్న కాదు. 6.4 సీజీపీఏ అంటే 64 శాతం అనుకుంటారు చాలామంది. జేఎన్‌టీయూహెచ్ లెక్కలో సీజీపీఏ నుంచి 0.5 తీసేసి పదితో గుణించాలి. అంటే 59 శాతమే. 60 అడిగిన చోట మీరు అర్హులనుకుని ఫీజు కట్టేసి ఉంటారు! జర్మనీ దగ్గర ఈ లెక్క ఇంకా గమ్మత్తుగా ఉంటుంది. అక్కడ 1 అంటే అత్యుత్తమం, 4 అంటే పాస్. మీ గ్రేడును మార్చేటప్పుడు మీ వర్సిటీలో పాస్ గ్రేడు ఎంతో కూడా చూస్తారు. 7.0 సీజీపీఏ ఉన్న ఇద్దరిలో ఒకరి వర్సిటీ పాస్ గ్రేడు 4 అయితే 2.5 వస్తుంది, రెండోవారిది 5 అయితే 2.8. కోర్సు 2.5 అడిగితే ఒకరు లోపల, మరొకరు బయట. కాబట్టి పాస్ గ్రేడు, మార్పిడి సూత్రం ఉన్న వర్సిటీ పత్రాన్ని దరఖాస్తుకు తప్పకుండా జత చేయండి.

కటాఫ్ కిందే ఉన్నారని తేలిందా? ఫీజు కట్టేముందు ప్రోగ్రామ్ కోఆర్డినేటర్‌కు మెయిల్ పెట్టండి. డాలర్లలో కట్టిన అప్లికేషన్ ఫీజు సాధారణంగా వెనక్కి రాదు, మెయిల్‌కు ఖర్చు లేదు. నాలుగు వాక్యాలు చాలు: నా సీజీపీఏ ఇంత, చివరి నాలుగు సెమిస్టర్లలో ఇంత, ఫలానా ప్రాజెక్టు లేదా ఉద్యోగ అనుభవం ఉంది, నా దరఖాస్తును పరిశీలిస్తారా? ‘లేదు’ అని జవాబొస్తే డబ్బు మిగిలినట్టే. ‘షరతులతో ఇస్తాం’ అంటే మాత్రం ఇంకో ప్రశ్న వేయాలి: ఐ-20 ఇప్పుడే ఇస్తారా? చేరకముందే తీర్చాల్సిన షరతైతే, అది తీరేదాకా ఐ-20 రాదు. అది లేకుండా స్టూడెంట్ వీసా లేదు.

ఎస్‌ఓపీలో బ్యాక్‌లాగ్స్ దాచొద్దు, అలాగని పేజీ నిండా బాధ పోయొద్దు. ‘రెండో ఏడాది నాన్నగారి అనారోగ్యం వల్ల మూడు సబ్జెక్టులు పోయాయి, తర్వాతి ఏడాది పాసయ్యాను, ఆ తర్వాత ఒక్కటీ పోలేదు’. ఇంతే. కారణం ఏదీ లేక, కేవలం చదవక పోయినా అదే చెప్పొచ్చు. తర్వాతి మార్కులు పెరిగి ఉంటే ఆ నిజాయతీ మీకేమీ చేటు చేయదు.

ఇక అసలు భయం. మార్కులు తక్కువున్నవాళ్ల కోసమే కాచుకుని కూర్చునే కన్సల్టెన్సీలు ఉంటాయి. ‘ఏ మార్కులైనా సరే, సీటు గ్యారెంటీ’ అనగానే మనసు లాగుతుంది. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగినప్పుడు చిక్కుకున్నవారిలో ఎక్కువమంది మన తెలుగువాళ్లే. కొందరి కాళ్లకు ట్రాకింగ్ పరికరాలు తగిలించారు. 2019లో బయటపడ్డ ఫార్మింగ్టన్ యూనివర్సిటీనైతే అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ అధికారులే వల పన్ని నడిపారు. క్లాసుల్లేవు, టీచర్లూ లేరు. 2015 డిసెంబరులో ఇదే శంషాబాద్‌లో, వీసాలు చేతిలో ఉన్న విద్యార్థులను శాన్‌ఫ్రాన్సిస్కో విమానం ఎక్కకుండా ఎయిరిండియా ఆపేసింది. వాళ్లు చేరబోయే రెండు వర్సిటీల విద్యార్థులను అమెరికా అధికారులు అప్పటికే తిప్పి పంపుతుండటమే కారణం. వాళ్లంతా తక్కువ మార్కులవాళ్లని కాదు. వర్సిటీ గురించి మీరు వాకబు చేయకపోతే మీ మార్కులు ఎంతైనా కాపాడవు. గుర్తింపు ఉందో లేదో అమెరికా విద్యాశాఖ డేటాబేస్‌లో మీరే పేరు కొట్టి చూడండి.

మెమోలో అంకె మార్పించడం, లేని అనుభవానికి లెటర్ కొనడం గురించి ఒక్క మాటే. అమెరికా వీసాలో అది మోసమని తేలితే శాశ్వత నిషేధం పడే చట్టం ఉంది. మళ్లీ చదివి 70 శాతం తెచ్చుకున్నా అది పోదు.

సీటొచ్చి బయల్దేరేటప్పుడు, మీ మార్కులు చూసే అడ్మిషన్ ఇచ్చామన్న కోఆర్డినేటర్ మెయిల్‌ను ప్రింట్ తీసుకోండి. ఐ-20, ఒరిజినల్ మెమోలతో పాటు చేతి బ్యాగులో పెట్టుకోండి. ఆవకాయ వెళ్లే సూట్‌కేసులో పెడితే, ఇమిగ్రేషన్ అధికారి అడిగేసరికి అది ఇంకా బెల్టు మీదే తిరుగుతుంటుంది.