ముందు నీళ్లు... తర్వాతే రంగులు!

అద్దాల తొట్టిలో రంగురంగుల చేపలు ఈదుతుంటే ఇంటికే కళ. కానీ తెచ్చిన వారానికే ఒక్కొక్కటీ పైకి తేలితే? తప్పు చేపలది కాదు, ఎంపికది. అవుకు లాంటి సున్నపురాతి నేలల్లో ఏ చేపలు హాయిగా బతుకుతాయో, వేటికి వేటితో పొసుగుతుందో తెలుసుకుంటే ఆ బాధ ఉండదు.

సెలవురోజు నంద్యాల వెళ్లిన కుటుంబం బట్టలతోపాటు ఓ అక్వేరియం కూడా కొనుక్కుని అవుకు తిరిగొస్తుంది. నీలిచార మెరిసే నియాన్ టెట్రాలు పాపకి నచ్చాయి. పులిచారల టైగర్ బార్బ్‌లు బాబుకి, కుచ్చిళ్లలాంటి తోకతో వయ్యారంగా తిరిగే గోల్డ్‌ఫిష్ అమ్మకి, ‘షార్కు పిల్ల’ నాన్నకి. సాయంత్రానికి తొట్టిలో బోరు నీళ్లు నింపి అన్నింటినీ ఒకేసారి వదిలేస్తారు. మూడోరోజు పొద్దున్నే మొదలవుతుంది ప్రశ్న. ‘నాయనా, నీలం చేప కదలడం లేదెందుకు?’. వారం తిరిగేసరికి మిగిలేది షార్కు పిల్ల ఒక్కటే.

ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. షాపులో అందరి చూపూ రంగు మీదే ఉంటుంది. నిజానికి చూడాల్సిన వరస వేరు. ముందు మన నీళ్లు, తర్వాత చేప ఎదిగే సైజు, ఆపైన దాని స్వభావం. రంగు చివర్న.

బెలూం చెప్పే పాఠం

అవుకు, కొలిమిగుండ్ల, బేతంచెర్ల... ఈ ప్రాంతమంతా నాపరాతి గనులకు పేరు. నాపరాయి అంటే సున్నపురాయే. దాన్ని నీళ్లు వేల ఏళ్లపాటు కరిగిస్తూ పోతే ఏమవుతుందో కొలిమిగుండ్ల దగ్గరి బెలూం గుహలే చెబుతాయి. రాతిలోంచి కరిగిన ఆ సున్నం ఎక్కడికీ పోదు, భూగర్భ జలాల్లో కలుస్తుంది. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కట్టడానికీ, సబ్బు సరిగా నురగ రాకపోవడానికీ కారణం అదే. బడి పుస్తకాల్లో దీన్నే కఠినజలం అంటారు.

నియాన్ టెట్రా, డిస్కస్ చేపల పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతం. అక్కడి నీళ్లలో సున్నం దాదాపు ఉండదు. అలాంటి చేపల్ని తెచ్చి మన బోరు నీళ్లలో వదిలితే తట్టుకోవడం కష్టం. గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ అలా కాదు. మెక్సికోలోని యుకటాన్ ద్వీపకల్పం చాలావరకూ సున్నపురాతి నేలే. తెరచాపలాంటి వీపు రెక్కతో అందంగా ఉండే ఓ రకం మోలీకి సొంతూరు అది. అంటే అవుకు బోరు నీళ్లు దానికి పుట్టింటి నీళ్లలాంటివే!

టెట్రాలే కావాలంటే బోరు నీళ్లలో ఆర్‌వో ప్లాంటు నీళ్లు కలుపుకోవాలి. ఉత్త ఆర్‌వో నీళ్లు మాత్రం వద్దు. అందులో చేపకు కావాల్సిన లవణాలు కూడా ఉండవు. కుళాయి నీళ్లలో బ్లీచింగ్ వాసన వస్తుంటే బకెట్లో పట్టి ఒకరోజు ఆరుబయట ఉంచి, ఆ తర్వాతే తొట్టిలో పోయాలి.

ఎవరికి ఎవరితో పడదు?

చేపలకీ ఇరుగుపొరుగు గొడవలుంటాయి. టైగర్ బార్బ్‌లకు పొడుగు రెక్కలు కనిపిస్తే కొరకందే ఊరుకోవు. గప్పీలనూ ఏంజెల్ చేపలనూ వాటికి దూరంగా ఉంచాలి. ఏంజెల్ చూడ్డానికి సాధువే. పెద్దదయ్యాక మాత్రం నోట్లో పట్టే చిన్న టెట్రాలను మింగేస్తుంది. ఫైటర్ మగచేపలు రెండు ఒకచోట ఉంటే యుద్ధమే. ఫ్లవర్‌హార్న్‌కి ఏకాంతవాసమే మేలు.

గోల్డ్‌ఫిష్ చల్లటి నీళ్ల చేప. వేసవిలో నలభై డిగ్రీలు దాటే మన ఎండల్లో అది ఉక్కిరిబిక్కిరవుతుంది. పైగా విసర్జన ఎక్కువ కాబట్టి నీళ్లు త్వరగా పాడవుతాయి. ఇక ‘షార్కు’ పేరుతో అమ్మేది చాలాసార్లు పంగాసియస్ పిల్ల. మన రాష్ట్రంలో చెరువుల్లో పెంచి కిలోల లెక్కన అమ్మే చేప అది. రెండున్నర అడుగుల తొట్టి దానికేం సరిపోతుంది?

మన తొట్టికి మన జాబితా

ముప్ఫై అంగుళాల పొడవు, పన్నెండు వెడల్పు, పదిహేను ఎత్తు ఉన్న తొట్టిని మధ్యరకం అనుకోవచ్చు. లెక్క ప్రకారం దాదాపు 88 లీటర్లు పడుతుంది. ఇసుక, రాళ్లు, పైన వదిలే ఖాళీ తీసేస్తే 75 లీటర్ల నీళ్లు. ఇసుక, అద్దాల బరువూ కలిస్తే క్వింటా దాకా ఉంటుంది కాబట్టి గట్టి బల్ల తప్పనిసరి.

ఈ తొట్టిలో పద్దెనిమిది వరకూ చిన్న చేపలు హాయిగా ఉంటాయి. పైభాగంలో చురుగ్గా తిరగడానికి ఆరు జీబ్రా చేపలు. మధ్యలో ఎరుపు, పసుపు ప్లాటీలు అయిదు. వాటి పక్కన నలుపు నిగనిగలాడేలా బ్లాక్ మోలీలు మూడు. అడుగున తిరగడానికి నాలుగు కోరిడోరాస్‌లు. నీళ్లలో సున్నం మరీ ఎక్కువైతే ఈ చివరివి మానేయొచ్చు. జీబ్రా, కోరిడోరాస్ లాంటివి గుంపుగా ఉంటేనే బెదురు లేకుండా తిరుగుతాయి. ఒకటీ రెండూ తెస్తే మూల దాక్కుంటాయి.

ప్లాటీలూ మోలీలూ గుడ్లు పెట్టవు, నేరుగా పిల్లల్నే కంటాయి. దాదాపు నెలకో కాన్పు! ఒక మగచేపకి రెండు ఆడచేపలుంటే ఆడవాటి మీద వేధింపు తగ్గుతుంది. సంతానం వద్దనుకుంటే అన్నీ మగవే తెచ్చుకోవాలి.

రంగుల కోసం విదేశాలదాకా వెళ్లక్కర్లేదు కూడా. జీబ్రా చేప, గులాబీ రంగు రోజీ బార్బ్ మన దేశపు నదుల్లోవే. ఈ రెండింటినీ 1822లోనే గంగానది చేపల గ్రంథంలో వర్ణించాడు ఫ్రాన్సిస్ హామిల్టన్. ఆరేసి చొప్పున ఇవి రెండూ ఉన్నా తొట్టి నిండుగా కనిపిస్తుంది.

ఓపికే అసలు మందు

కొత్త తొట్టిలో చేపలు చనిపోవడానికి పెద్ద కారణం అమ్మోనియా. చేపల విసర్జన నుంచీ మిగిలిన మేత నుంచీ పుడుతుందది. దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంత హాని లేని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్లో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందుకే మొదట నాలుగైదు గట్టి చేపల్నే వదలాలి. మేత కొద్దిగా వేస్తూ, నీళ్లు తరచూ కొంత మారుస్తూ ఉండాలి. అవి కుదురుకున్నాకే మిగతావి.

తెచ్చిన కవరును పావుగంట నీళ్లమీద తేలనిచ్చి, తొట్టి నీళ్లు కొంచెం కొంచెంగా కలిపి వదలాలి. మేత రెండు మూడు నిమిషాల్లో తినేసేంతే. వారానికోసారి పావువంతు నీళ్లు మార్చాలి. తొట్టిని ఎండ పడే కిటికీకి దూరంగా ఉంచాలి. నీళ్లు వేడెక్కితే ప్రాణవాయువు తగ్గుతుంది. వేసవిలో కరెంటు పోతే ఆదుకోవడానికి బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉండాలి.

రిజర్వాయరులో వదలొద్దు

పెద్దదైపోయిందనో ఊరెళ్తున్నామనో చేపల్ని అవుకు రిజర్వాయరులో వదిలేస్తే పుణ్యం అనుకుంటారు కొందరు. అది పుణ్యం కాదు. అద్దాల మీద పాచి తింటుందని కొనే సక్కర్ చేప అడుగుకు మించి పెరుగుతుంది. ఒళ్లంతా ముళ్ల కవచమే. ఇలా బయటపడ్డ సక్కర్లు మన రాష్ట్రంలోని చెరువుల్లో ఇప్పటికే చేరి వలలు పాడుచేస్తున్నాయి. మత్స్యకారులు వాటికి పెట్టుకున్న పేరు దెయ్యం చేప. శ్రీశైలం కుడికాల్వ నీళ్లతో నిండే రిజర్వాయరులోకి అలాంటివి చేరితే మళ్లీ ఏరిపారేయడం ఎవరి తరమూ కాదు. అక్కర్లేని చేపను షాపుకు తిరిగివ్వాలి, లేదా పెంచే స్థోమతున్న మరో ఇంటికి పంపాలి.

కాబట్టి ఈసారి నంద్యాల వెళ్లినప్పుడు షాపులో ‘ఇదెంత?’ అని అడిగే ముందు ‘ఇదెంత పెరుగుతుంది? మా నీళ్లకి పడుతుందా? వేటితో కలిసి ఉంటుంది?’ అని అడగండి. ఈ మూడింటికీ సరైన జవాబు దొరికితే, పాప పొద్దున్నే లేచి తొట్టి దగ్గరికి పరిగెత్తేది చేపల్ని పలకరించడానికే!