వ్యాపారమే... అయితే ఏంటి?

డబ్బు కోసం తీసిన సినిమాకు పుస్తకానికీ, పత్రికకూ ఉన్నంత స్వేచ్ఛ ఉండాలా? అమెరికా కోర్టుల్లో ఈ తగవు యాభై ఏళ్లకు పైగా నడిచింది. అందులోంచి కొన్ని విశేషాలు...

★ అమెరికాలో సినిమా సెన్సారు మొదలైంది పోలీసులతో! 1907లో షికాగో నగరం చేసిన చట్టం ప్రకారం ఏ బొమ్మ ఆడించాలన్నా పోలీసు చీఫ్ పర్మిట్ తీసుకోవాల్సిందే.

★ ఒహాయో రాష్ట్రం సెన్సారుకు రేటు కూడా పెట్టింది: వెయ్యి అడుగుల రీలుకు ఒక డాలరు. మ్యూచువల్ ఫిల్మ్ కంపెనీ దీనిమీద సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1915 ఫిబ్రవరిలో జడ్జీలంతా ఏకగ్రీవంగా చెప్పిందేమిటంటే, సినిమా ఆడించడం లాభం కోసం చేసే అచ్చమైన వ్యాపారం, పత్రికలకున్న రక్షణ దానికి లేదని.

★ ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ విడుదలైందీ ఆ నెలలోనే. తెల్లజాతి దురహంకార ముఠా కు క్లక్స్ క్లాన్‌ను వీరులుగా చూపిన ఈ సినిమాను ఒహాయో, కాన్సస్ నిషేధించాయి. దాంతో దర్శకుడు గ్రిఫిత్ 1916లో వాక్‌స్వాతంత్ర్యం మీద ఓ చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. నల్లజాతివారిని కించపరిచిన మనిషే స్వేచ్ఛ తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు!

★ 1947లో మెంఫిస్ సెన్సారు పెద్ద లాయిడ్ బిన్‌ఫోర్డ్ ‘కర్లీ’ అనే పిల్లల సినిమాను ఆపేశాడు. అందులో తప్పల్లా తెల్ల పిల్లలూ, నల్ల పిల్లలూ ఒకే బడిలో కనిపించడమే.

★ షికాగోలో డిస్నీ వారి ‘ది వానిషింగ్ ప్రెయిరీ’లో అడవిదున్న ఈనే దృశ్యానికి కత్తెర పడింది. సమ్మె కార్మికుల మీద షికాగో పోలీసులు కాల్పులు జరిపిన న్యూస్‌రీలుకైతే అసలు అనుమతే రాలేదు. అనుమతి ఇవ్వాల్సింది ఎవరనుకున్నారు? ఆ పోలీసు శాఖే!

★ కథ మలుపు తిప్పింది రోసెల్లీని తీసిన నలభై నిమిషాల ఇటలీ సినిమా ‘ది మిరకిల్’. మేకలు కాసుకునే ఓ అమాయకురాలు దారిన పోయే మనిషిని సెయింట్ జోసెఫ్ అనుకుంటుంది, గర్భవతి అవుతుంది. ఆ బాటసారి వేషం వేసింది ఎవరో కాదు, తర్వాత మహాదర్శకుడైన ఫెల్లీనీ. వేషం కోసం జుట్టుకు బంగారు రంగు కూడా వేయించుకున్నాడు! దైవదూషణ అంటూ న్యూయార్క్ అధికారులు 1951లో లైసెన్సు రద్దు చేశారు. పంపిణీదారు జోసెఫ్ బర్స్టిన్ పట్టు వదల్లేదు. 1952 మే 26న సుప్రీంకోర్టు పాత తీర్పును పక్కన పెట్టింది. పుస్తకాలూ, పత్రికలూ లాభానికే అమ్ముతున్నా వాటి స్వేచ్ఛ పోలేదు కదా, సినిమాకు మాత్రం ఎందుకు పోవాలన్నది జస్టిస్ టామ్ క్లార్క్ వాదం.

★ మన సినిమాటోగ్రాఫ్ చట్టం వచ్చిందీ 1952లోనే. అక్కడ కట్టు సడలిన ఏడాదే ఇక్కడ బిగిసింది. 1970లో దర్శకుడు కె.ఎ. అబ్బాస్ తన డాక్యుమెంటరీ కోసం పోరాడినా, తెర మీద బొమ్మకు మనసును కదిలించే శక్తి ఎక్కువంటూ ముందస్తు సెన్సారును మన సుప్రీంకోర్టు సమర్థించింది.

★ అమెరికాలో చివరి రాష్ట్ర సెన్సారు బోర్డు మేరీల్యాండ్‌ది. 1981లో మూతపడింది.

★ 1968లో మొదలైన రేటింగ్‌లు సినీ పరిశ్రమ పెట్టుకున్నవే. ప్రభుత్వానికి సంబంధం లేదు, తప్పనిసరీ కాదు. అందుకే డాలస్‌లోనైనా, న్యూజెర్సీలోనైనా మన తెలుగు సినిమాలు చాలావరకు ఏ రేటింగూ లేకుండానే ఆడేస్తాయి.

అశ్లీలం, పరువునష్టం చట్టాలు అక్కడా సినిమాకు వర్తిస్తాయి, పుస్తకానికి వర్తించినట్టే. అంతకు మించిన సంకెల మాత్రం అక్కర్లేదు. కళాఖండానికి ఒక హక్కు, మాస్ సినిమాకు ఇంకో హక్కు అంటే ఏది కళో తేల్చే పని మళ్లీ సర్కారు చేతిలోకే వెళ్తుంది. టికెట్టు అమ్ముకున్నంత మాత్రాన మాట్లాడే హక్కు పోదు.