హిప్నోథెరపీ: భయం ఎక్కడ అనవసరం, జాగ్రత్త ఎక్కడ అవసరం?

హిప్నోథెరపీ అనే మాట వినగానే మన కుటుంబాలలో రెండు రకాల స్పందనలు కనిపిస్తాయి. కొందరు దీనిని చేతబడితో సమానంగా ఎంచి భయపడతారు. మరికొందరు ఏళ్ల తరబడి పీడిస్తున్న ఆందోళన ఒక్కసారి కళ్లు మూసుకుంటే తొలగిపోతుందని ఆశపడతారు. "ఇది హలాలా, హరామా?" అని తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతుంటారు. తీర్పుకు ముందు అసలు విషయం తెలియాలి.

హిప్నాసిస్ అంటే నిద్ర కాదు, స్పృహ కోల్పోవడమూ కాదు. మనసు ఒకే విషయంపై గాఢంగా నిలిచి, ఎదుటివారి సూచనలను సులభంగా స్వీకరించే స్థితి అది. మత్తుమందులు ఇంకా వాడుకలోకి రాని 1845లో, బెంగాల్‌లోని హుగ్లీలో స్కాట్లాండ్ సర్జన్ జేమ్స్ ఎస్డేల్ ఇటువంటి పద్ధతితోనే రోగులకు శస్త్రచికిత్సలు చేశాడు. నేడు నొప్పి, ఆందోళనల ఉపశమనానికీ, మందులకు లొంగని కొన్ని పేగుల సమస్యలకూ వైద్యులు దీనిని సహాయక చికిత్సగా వినియోగిస్తున్నారు. శిక్షణ పొందిన వైద్యుని చేతిలో ఇది చాలామందికి సురక్షితమే. కొందరికి తలనొప్పి, తలతిరుగుడు, మగత, కొద్దిపాటి కలత కలగవచ్చు. అయితే లేనివి కనిపించడం, వినిపించడం వంటి తీవ్ర మానసిక వ్యాధులున్నవారికి ఇది హాని చేయవచ్చు.

అసలు ప్రమాదం జ్ఞాపకాలను తవ్వడంలో ఉంది. సూచనలకు లొంగిన మనసు జరగని సంఘటనను కూడా జరిగినట్లే చూడగలదు. పైగా అది నిజమేనని దృఢంగా నమ్ముతుంది. అందుకే అమెరికాలోని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1982లో, హిప్నాసిస్ ద్వారా గుర్తు తెచ్చుకున్న విషయాలపై సాక్ష్యాన్ని అనుమతించరాదని తీర్పు చెప్పింది. న్యాయస్థానమే నమ్మని జ్ఞాపకాన్ని నమ్మి తండ్రినో, మేనమామనో నిందిస్తే ఆ కుటుంబం గతి ఏమిటి? నిరాధారమైన అనుమానాలకు దూరంగా ఉండమని దివ్య ఖుర్ఆన్ (అల్ హుజురాత్: 12) విశ్వాసులను హెచ్చరిస్తోంది. అలాగని నిజంగా అన్యాయానికి గురైన బిడ్డ తనంతట తానుగా నోరు విప్పితే, ఆ మాటను తోసిపుచ్చడం మరింత ఘోరం.

'గత జన్మలోకి తీసుకెళతాం' అనే ప్రచారాలు మరొక ఉచ్చు. మరణానంతరం బర్జఖ్, ఆపై ప్రళయదినం ఉన్నాయని విశ్వసించే మనకు పునర్జన్మ అనే భావనకే తావు లేదు. అక్కడ కనిపించే దృశ్యాలు గత జీవితాలు కావు. సూచనల నుంచి ఊహ అల్లుకున్న కథలు.

ధర్మపండితులలో దీనిపై భిన్నాభిప్రాయాలున్నాయి. కొందరు పూర్తిగా వారించారు. మరికొందరు వైద్యంగా, షరతులతో అనుమతించారు. జిన్నాతుల సాయం, జోస్యం, తాయెత్తులు కలిసినదైతే అది నిస్సందేహంగా నిషిద్ధం. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన హానికి బాధ్యుడని దైవప్రవక్త (స) బోధించారు. కనుక వెళ్లేముందు ఈ విషయాలు చూసుకోవాలి. చికిత్స చేసేవారు మానసిక వైద్యులో, అర్హతగల క్లినికల్ సైకాలజిస్టో అయి ఉండాలి. కొద్దిరోజుల శిక్షణ పత్రం అందుకు చాలదు. మూర్ఛ, మానసిక వ్యాధి, వాడుతున్న మందుల వివరాలు ముందే చెప్పాలి. వైద్యుడు చెప్పనిదే మందులు మానరాదు. స్త్రీలు మహిళా నిపుణురాలి వద్దకు వెళ్లాలి. అది సాధ్యం కాకపోతే మహ్రమ్‌ను వెంట ఉంచుకోవాలి. పరపురుషునితో ఏకాంతం ఎట్టి పరిస్థితిలోనూ తగదు. ఏమి చేస్తారో, ఎందుకు చేస్తారో ముందే అడిగి తెలుసుకోవాలి. ఇష్టం లేనప్పుడు ఆపమనే హక్కు రోగికి ఉంటుంది.

మనోవ్యధ విశ్వాస లోపానికి గుర్తు కాదు. దానికి చికిత్స పొందడం దైవంపై నమ్మకానికి విరుద్ధమూ కాదు. దుఆతో పాటు వైద్యుని ఆశ్రయించడం ప్రవక్త (స) సంప్రదాయమే. అయితే మన మనసు తలుపు తెరిచేముందు, లోపలికి వచ్చేది ఎవరో తెలుసుకోవడం మన బాధ్యత. వ్యాధిగ్రస్తులందరికీ అల్లాహ్ సంపూర్ణ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.