మంచును తోయాలా? మోయాలా? విసరాలా?

మనం ‘మంచు’ అనే ఒక్క మాటతో చాలా సంగతులు చెబుతాం. గడ్డిపరకల మీది నీటిబొట్లూ మంచే, డిసెంబరు ఉదయాన దారి కనబడకుండా చేసే పొగమంచూ మంచే. ఆకాశం నుంచి దూదిపింజల్లా రాలే మంచును మాత్రం సుల్తాన్ బజార్‌లో పుట్టి పెరిగినవారు సినిమాలలో చూడవలసిందే. కాని మన ఊరి నుంచి చదువులకూ ఉద్యోగాలకూ వెళ్ళి అమెరికాలోని మిషిగన్, మిన్నెసోటా రాష్ట్రాలలోనూ, కెనడాలోనూ స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడ ఊరి వెలుపల కొన్ని ఇళ్ళకు రోడ్డు నుంచి గుమ్మం దాకా 100 మీటర్లో, 200 మీటర్లో సొంత దారి ఉంటుంది. రోడ్డు మీది మంచును ప్రభుత్వపు బండ్లు తొలగిస్తాయి. ఇంటిదారి మాత్రం ఇంటివారి పూచీ. అది మూసుకుపోయిన రోజున ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే అంబులెన్సు గుమ్మం దాకా రాలేదు. పోనీ పారతో ఎత్తిపోద్దామంటే, ఎముకలు కొరికే చలిలో ఒక్కసారిగా అంత శ్రమ పడటం వల్ల గుండెపోటు వచ్చే ప్రమాదం ఉన్నదని వైద్యులు హెచ్చరిస్తారు.

అందుకే అలాంటి ఇళ్ళవారు చిన్న ట్రాక్టరు కొంటారు. మనకు దగ్గరలోనే, సంగారెడ్డి జిల్లా జహీరాబాద్‌లో మహీంద్రా వారి ట్రాక్టర్ల కర్మాగారం ఉంది. 2023 ఆగస్టు 15న ఆ సంస్థ ‘ఓజా’ అనే తేలికపాటి ట్రాక్టర్లను లోకానికి చూపింది. అవి తయారయ్యేది ఈ జహీరాబాద్‌లోనే. వాటిని అమెరికాకు కూడా పంపాలనే ఉద్దేశంతో రూపొందించారు.

ట్రాక్టరు సరే, మంచును తీయడానికి దానికి ఏ పరికరం తగిలించాలి? తోసే బ్లేడా? మోసే బకెట్టా? విసిరే యంత్రమా? మీ తరగతిలో చదువుకున్న భౌతికశాస్త్రంతోనే ఈ ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. రండి, చూద్దాం.

ముందుగా తూకం

దారి పొడవు 100 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు అనుకుందాం. రాత్రి 20 సెంటీమీటర్ల మంచు పడింది. దాని ఘనపరిమాణం 100 × 3 × 0.2 = 60 ఘనపు మీటర్లు. మరి బరువెంత? ఐస్ గోలా బండి దగ్గర మీరు గమనించే ఉంటారు. తురిమిన ఐసు గ్లాసు నిండా కనబడుతుంది, చేత్తో నొక్కితే సగానికి దిగిపోతుంది. పలుకుల మధ్య ఉన్నదంతా గాలే. కొత్తగా పడిన పొడి మంచు కూడా అంతే. దాని సాంద్రత సుమారుగా నీటి సాంద్రతలో పదోవంతు, అంటే ఘనపు మీటరుకు 100 కిలోలు. కనుక మన దారి మీద ఉన్నది 6,000 కిలోలు, అనగా 6 టన్నులు. అదే తడిమంచు అయితే ఘనపు మీటరు 300 కిలోలు కూడా తూగవచ్చు. అప్పుడు అదే దారి మీద 18 టన్నులు!

కరిగిస్తే పోదా?

ఇంత బాధ ఎందుకు, వేడిచేసి కరిగించెయ్యకూడదా అని మీలో కొందరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. 0 డిగ్రీల దగ్గర ఉన్న ఒక కిలో మంచు అదే 0 డిగ్రీల నీరుగా మారడానికి సుమారు 3,34,000 జౌళ్ళ ఉష్ణం కావాలి. దీనినే ద్రవీభవన గుప్తోష్ణం అంటాము. 6,000 కిలోలకు లెక్కవేస్తే 200 కోట్ల జౌళ్ళు. ఒక యూనిట్ కరెంటు అంటే 36 లక్షల జౌళ్ళు కాబట్టి, 550 యూనిట్లకు పైగా కావాలన్నమాట. నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి అది రెండున్నర నెలలకు పైగా సరిపోతుంది. పైగా కరిగిన నీరు పారిపోకపోతే మళ్ళీ గడ్డకట్టి అద్దంలా జారుతుంది. కాబట్టి మంచును మంచుగానే పక్కకు తీయడం మేలు.

తోసే బ్లేడు

బ్లేడు మన రైతులకు తెలిసినదే. పొలం చదును చేయడానికి ట్రాక్టరుకు తగిలిస్తారు. దీని ధర తక్కువ, పని త్వరగా అవుతుంది, చెడిపోయే భాగాలు తక్కువ. దానిని నిటారుగా కాక కొంచెం ఏటవాలుగా తిప్పి పెడితే మంచు ముందు పోగుపడకుండా పక్కకు జారిపోతుంది.

అయితే బ్లేడుకు ఒక చిక్కు ఉంది. తోసే బలమంతా టైర్ల ద్వారా నేల నుంచే రావాలి. 1,000 కిలోల ట్రాక్టరు బరువు సుమారు 10,000 న్యూటన్లు. పొడి రోడ్డు మీద టైరుకు ఘర్షణ గుణకం సుమారు 0.7. నాలుగు చక్రాలూ తిరిగే బండి అయితే దాదాపు 7,000 న్యూటన్ల బలంతో తోయగలదు. తొక్కుడుపడిన మంచు మీద ఆ గుణకం 0.2 దాకా పడిపోతుంది. అప్పుడు తోయగలిగేది 2,000 న్యూటన్లే. ఇంజను సంగతి చూడండి. 25 అశ్వశక్తులంటే సుమారు 18,600 వాట్లు. సెకనుకు 1 మీటరు చొప్పున కదిలేటప్పుడు, దారిలో నష్టాలు లేకపోతే, అది 18,600 న్యూటన్ల బలాన్ని ఇవ్వగలదు. నేల పుచ్చుకునేది అందులో తొమ్మిదోవంతు! అంతకు మించితే చక్రాలు ఉన్నచోటనే గిరగిర తిరుగుతాయి. 25 బదులు 50 అశ్వశక్తుల ఇంజను తెచ్చినా, బండి బరువూ పట్టూ పెరగకపోతే లాభం లేదు.

మన వరిమడిలో జరిగేదీ ఇదే. దమ్ము చేసేటప్పుడు బురదలో టైర్లు జారుతాయని రైతులు ఇనుప కేజ్ వీల్స్ బిగిస్తారు. బరువు కోసం టైర్లలో నీళ్ళు నింపుతారు. మంచుదేశాలలో టైర్లకు ఇనుప గొలుసులు చుడతారు. అక్కడా టైర్లు నింపుతారు గాని, మామూలు నీరు గడ్డకడుతుంది కనుక గడ్డకట్టని ద్రవం వాడతారు.

రెండో చిక్కు చోటుది. ఈ వారం పక్కకు తోసిన మంచు వసంతం దాకా అక్కడే గట్టుగా ఉంటుంది. వచ్చేవారం దాని మీదికే తోయాలి. గట్లు పెరిగినకొద్దీ దారి సన్నబడుతుంది. అందుకే అనుభవజ్ఞులు మొదటి మంచుకే దారికన్నా బాగా వెడల్పుగా తోసి ఉంచుతారు.

మోసే బకెట్టు

జె.సి.బి.కి ముందు ఉండే తొట్టి వంటిదే చిన్న ట్రాక్టరుకూ ఉంటుంది. మంచును ఎత్తి, కావలసినచోట కుప్ప పోయవచ్చు. కాని లెక్క చూడండి. తొట్టిలో పట్టేది పావు ఘనపు మీటరు అనుకుంటే, 60 ఘనపు మీటర్లకు 240 సార్లు తిరగాలి. ఒక్కొక్క తడవకు ఒక్క నిమిషం చొప్పున 4 గంటలు! కనుక దారి అంతటికీ ఇది పనికిరాదు. గేటు దగ్గర, గుమ్మం దగ్గర పేరుకున్న కుప్పలను తీయడానికి మాత్రం దీనికి సాటి లేదు.

విసిరే యంత్రం

దీనిని స్నో బ్లోయర్ అంటారు. కెనడాలోని క్విబెక్‌కు చెందిన ఆర్థర్ సికార్డ్ 1925లో మోటారుతో నడిచే మంచు విసిరే బండిని తయారుచేశాడు. పొలంలో ధాన్యపు యంత్రం పనిచేయడం చూసి ఆయనకు ఈ ఆలోచన తట్టిందంటారు.

నేటి యంత్రంలో ముందు అడ్డంగా ఒక మెలికల కడ్డీ తిరుగుతుంది. కీమా కొట్టే మరలో మాంసాన్ని ముందుకు నెట్టే కడ్డీ లాంటిదే అది. అది మంచును తరిగి మధ్యకు చేరుస్తుంది. అక్కడ రెక్కల చక్రం దానిని అందుకుని పైగొట్టం గుండా దూరంగా విసురుతుంది. వీటిని తిప్పే శక్తి ట్రాక్టరు పి.టి.ఓ. షాఫ్టు నుంచి వస్తుంది. మన ఊళ్ళలో రోటవేటరును తిప్పేది కూడా ఈ షాఫ్టే. దీని సాధారణ వేగం నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు 9. రెక్కల చక్రం వ్యాసం 60 సెంటీమీటర్లు, వేగం అదే అనుకుంటే, రెక్క కొస సెకనుకు 17 మీటర్లు ప్రయాణిస్తుంది. అంటే గంటకు 60 కిలోమీటర్లకు పైమాటే.

6,000 కిలోల మంచుకు ఆ వేగం కల్పించడానికి కావలసిన గతిజశక్తి ½ × 6,000 × 17 × 17 = 8,67,000 జౌళ్ళు. 1,000 వాట్ల ఇస్త్రీ పెట్టె పావుగంటలో తినే కరెంటు ఇంతే! కరిగించడానికి ఇంతకు రెండువేల రెట్లకు పైగా కావాలి. నిజానికి తరగడానికీ, గొట్టంలో ఒరిపిడికీ చాలా శక్తి పోతుంది గనుకనే పెద్ద ఇంజను పెడతారు.

ఇందులో అసలు కిటుకు వేరే ఉంది. ఇక్కడ ఇంజను శక్తి చక్రాల ద్వారా కాక నేరుగా యంత్రానికే పోతుంది. ట్రాక్టరు నెమ్మదిగా పాకితే చాలు. నేల జారుడుగా ఉన్నా పని సాగుతుంది, మంచు దూరంగా పడుతుంది కనుక గట్లూ అంతగా పెరగవు.

ఏది ఎన్నుకోవాలి?

ఎన్ని అశ్వశక్తులని కాదు, తీసిన మంచు ఎక్కడికి పోవాలని ముందు అడగాలి. మంచు తక్కువగా పడి, దారికి ఇరువైపులా ఖాళీ ఉంటే బ్లేడు చాలు. మంచు విస్తారంగా పడి, పక్కన చెట్లో కంచెలో ఉంటే విసిరే యంత్రమే శరణ్యం. కంకర దారి అయితే దాని అంచును నేలకు రెండు మూడు సెంటీమీటర్లు పైన ఉంచాలి. లేకుంటే మంచుతోపాటు రాళ్ళు కూడా ఎగిరిపోయి కిటికీలు పగలగొడతాయి. మన హిమాలయాలలోనూ రెండూ కావలసివస్తాయి. రోహ్‌తాంగ్, జోజిలా కనుమల దారులను తెరవడానికి సరిహద్దు రోడ్ల సంస్థవారు తోసే డోజర్లనూ, విసిరే స్నో కట్టర్లనూ వాడతారు.

తప్పక గుర్తుంచుకోండి

విసిరే గొట్టంలో తడిమంచు ఇరుక్కుంటే చేయి పెట్టి తీయబోయి వేళ్ళు పోగొట్టుకున్నవారు ఉన్నారు. ఇంజను ఆపినా, బిగిసిన రెక్కలలో కొంత శక్తి నిలిచి ఉండవచ్చు. అడ్డు తొలగగానే అవి ఒక్కసారి కదులుతాయి. కనుక ఇంజను ఆపి, కర్రతోనే తీయాలి. పి.టి.ఓ. షాఫ్టు మంచుదేశంలోనూ మన పొలంలోనూ ఒకటే. సెకనుకు 9 చుట్లు తిరిగే ఆ ఇరుసు చున్నీనో, లుంగీనో అందుకున్నదంటే తప్పించుకునే వ్యవధి ఉండదు. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు నడుస్తున్న ట్రాక్టరు వెనక నిలబడకండి. షాఫ్టు మీద తొడుగు లేకపోతే పెద్దవాళ్ళకు చెప్పి వేయించండి.

చేసి చూడండి

ఒక గ్లాసులో తురిమిన ఐసును నొక్కకుండా నిండా పోయండి. కరిగాక నీటి ఎత్తు కొలవండి. దానిని గ్లాసు ఎత్తుతో భాగిస్తే, నీటితో పోల్చి ఆ ఐసు సాంద్రత ఎంతో సుమారుగా తెలుస్తుంది. ఇప్పుడు గట్టిగా నొక్కి నింపి మళ్ళీ కొలవండి. మీ రెండు జవాబులతో మన 60 ఘనపు మీటర్ల దారిని తిరిగి తూచండి. పొద్దున్నే, కార్లు తొక్కకముందే మంచు తీయాలని అక్కడివారు ఎందుకు తొందరపడతారో ఆలోచించి చెప్పండి.